తీసిన పూడిక

ఉడకబెట్టిన కోడిగుడ్డు ఒలవడం నాకు ఈ జన్మకి రాదు. పెంకు తీస్తుంటే దాంతోబాటు తెల్లసొన కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది. చివరికి చేతిలో మిగిలేది మశూచి పోసిన గుడ్డు. ఉడకగానే చన్నీళ్ళలో వెయ్యమని ఒకరు చెప్పారు, నీళ్ళలో ఉప్పు వేసి ఉడకబెట్టమని ఇంకొకరు చెప్పారు. రెండూ చేశాను. గుడ్డు వైఖరిలో మార్పు లేదు.

మొన్న ఆదివారం ఈ యుద్ధం జరుగుతుండగా మా ఆవిడ వచ్చి, "కాలేజీలో సైన్సు చెప్తారు, గుడ్డు ఒలవలేరా?" అంది. నేను చెప్పేది బోటనీ అనీ, మొక్కలు గుడ్లు పెట్టవనీ అనబోయి ఆగిపోయాను. ఓవర్సీరుగారు గుర్తొచ్చారు.

ఆయనలా గుడ్డు ఒలిచిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చెంచా వెనకవైపుతో చుట్టూ తట్టేవారు, తలుపు కొట్టినట్టు కాదు, పుచ్చకాయ పండిందో లేదో చూసినట్టు. తర్వాత బొటనవేలితో ఒక్క తోపు. పెంకు చొక్కా విప్పినట్టు వచ్చేసేది. ఆ తర్వాతది అసలు పని. దారం తీసుకుని గుడ్డుని నిలువునా రెండు చెక్కలు చేసి, పచ్చసొనని చెదరకుండా గోళీలా బయటికి దొర్లించి, పళ్ళెం అంచున పెట్టేవారు. తెల్లది ఆయన తినేవారు. పచ్చది పళ్ళెం అంచునే ఉండేది. కాసేపటికి ఉండేది కాదు. అది ఎటు పోతోందో అప్పట్లో నేను గాని, ఆయన గాని పట్టించుకోలేదు.

ఆయన పోయారన్న కబురు పోయినేడాది తెలిసింది. గుండె వల్ల కాదట. ఆ సంగతి ఎవరైనా చెప్పగలిగితే ఆయన చాలా తృప్తి పడి ఉండేవారు.

డెబ్బైల చివర్లో నేను పాలకొల్లులో కొత్తగా ఉద్యోగంలో చేరి, ఊరికి కాస్త అవతల కాలవ లాకుల దగ్గర ఓ గది అద్దెకి తీసుకున్నాను. పక్కిల్లు ఇరిగేషన్ వాళ్ళ క్వార్టర్సు. అందులో ఓవర్సీరుగారూ, వాళ్ళావిడా, ఒక గేదే ఉండేవారు. ఒక్కతే కూతురు, తణుకులో కాపరానికి వెళ్ళిపోయింది. ఓవర్సీరుగారి పని కాలవ గట్లు, తలుపులు, నీటి మట్టం చూసుకోవడం. ఏటా ఎండాకాలంలో కాలవలు కట్టేసినప్పుడు మాత్రం ఆయన మనిషి కాదు, అధికారి. నీళ్ళు లేని కాలవలో దిగి, కూలీల చేత ఏడాది పూడికంతా తీయించాలి.

పూడిక తీసే కాంట్రాక్టర్లకి ఆయనంటే హడలు. కాలవ లోతుగా తవ్వారా లేదా అని చూడ్డానికి ఆయన కాలవలోకి చూసేవారు కాదు, గట్టు మీదికి చూసేవారు. మట్టి గట్టు అంచునే పోసి ఉంటే పని ఆపించేసేవారు.

"పూడిక తీయడం ఎవడైనా తీస్తాడయ్యా. తీసింది ఎక్కడ పోశావో చెప్పు. ఒక్క వాన పడిందంటే అది మళ్ళీ కాలవలోనే ఉంటుంది."

ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. లాకుల దగ్గర గేదెలక్కూడా వచ్చేసి ఉంటుంది.

ఇంక ఆయన గుండె సంగతి. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళకి ఒక ఆచారం ఉంది, రిటైరవకుండానే పోవడం. తండ్రి అలాగే పోయారు, అన్నగారు అలాగే పోయారు. నేను అక్కడ చేరిన ఏడాదే తమ్ముడు కూడా, ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కర్మలన్నీ అయ్యాక ఓవర్సీరుగారు మా అరుగు మీద కూర్చుని, "మా ఇంట్లో ఒక్క మగాడూ పెన్షన్ తినలేదండి మాస్టారూ. నేనొక్కణ్ణైనా తినాలి" అన్నారు. ఆ మాట ఏడుస్తూ అనలేదు. రావాల్సిన ఇంక్రిమెంటు గురించి అన్నట్టు అన్నారు.

రాజమండ్రిలో పెద్ద డాక్టరుగారికి చూపించుకోడానికి నన్ను తోడు తీసుకెళ్ళారు. ఇంగ్లీషులో ఏదైనా అంటే పట్టుకుంటానని. రక్తం తీశారు. కాగితం వచ్చింది. డాక్టరుగారు ఓపికమంతులు. మందుల చీటీ వెనక రెండు గీతలు గీసి, "ఇది రక్తనాళం అనుకోండి" అన్నారు. గీతల లోపలివైపు చిన్న చిన్న గుట్టలు వేసి, "ఇది కొవ్వు. కొలెస్టరాల్ అంటాం. అది అందరి వంట్లోనూ ఉంటుంది, ఉండాలి కూడా. ఎక్కువైతే మాత్రం ఇలా గోడలకి పట్టేసి దారి ఇరుకైపోతుంది. మీకు చాలా ఎక్కువుంది" అన్నారు.

ఓవర్సీరుగారు ఆ బొమ్మని పరీక్షగా చూశారు.

"పూడిక" అన్నారు.

"అలాగే అనుకోండి."

"పూడిక గోడలకి పట్టదండీ. అడుక్కి దిగుతుంది."

"ఇది గోడలకే పడుతుందండీ."

"అయితే వాలు సరిగ్గా లేనట్టు."

డాక్టరుగారు నావైపు చూశారు. నేను గోడ మీది కేలండరు వైపు చూశాను.

"మరి ఏడాదికోసారి కట్టేయరా?" అన్నారు ఓవర్సీరుగారు.

"ఏంటండీ కట్టేసేది?"

"కాలవేనండీ. నీళ్ళు కట్టేసి, పూడిక తీసి, మళ్ళీ వదుల్తాం గదా."

"దీన్ని కట్టేస్తే మనిషి పోతాడండీ" అన్నారు డాక్టరుగారు.

తవ్వి తీసే వీలు లేదనీ, కొత్తది చేరకుండా చూసుకోవడమే వైద్యమనీ ఆయన నెమ్మదిగా చెప్పారు. నెయ్యి, మీగడ, పచ్చసొన, వేటమాంసంలో కొవ్వు, వేపుళ్ళు, ఇవన్నీ మానాలి. రోజూ నడవాలి. ఒక నెలా రెండు నెలలూ కాదు, ఏడాది పొడుగునా, బతికున్నన్నాళ్ళూ. లేచి వచ్చేస్తుంటే వెనకనుంచి, "ఇంట్లో అందరూ ఓసారి రక్తం చూపించుకుంటే మంచిదండీ" అన్నారు.

"ఆడాళ్ళు కూడానా?"

"గుండె ఆడాళ్ళకీ ఉంటుంది గదండీ" అన్నారు డాక్టరుగారు. ముగ్గురం నవ్వాం. జోకు బాగుంది కాబట్టి దాన్ని అక్కడే వదిలేసి వచ్చాం.

తిరుగు బస్సు రావులపాలెంలో ఆగితే ఓవర్సీరుగారు చక్కెరకేళీ అరటిపళ్ళ అత్తం ఒకటి కొని ఒళ్ళో పెట్టుకుని, "ఏడాదంతా కట్టేస్తే ఆయకట్టు ఎండిపోదాండీ?" అన్నారు. ఇంటికొచ్చేలోగా పథకం తయారైంది. ప్రభుత్వం కాలవలు కట్టేసిన రోజే ఆయన నోరు కట్టేస్తారు. కాలవలకి నీళ్ళు వదిలిన రోజే నోటికీ వదుల్తారు. ఇన్నేళ్ళుగా డెల్టా అంతా బతుకుతున్నది ఆ పద్ధతి మీదే. ఒక్క మనిషి బతకలేడా?

చెప్పడమేంటి, చేశారు. ఆ ఎండాకాలం ఆయన్ని చూసి నేను నిజంగా భయపడ్డాను. నెయ్యి లేదు, మీగడ లేదు. ఆవకాయలో నూనె తేలితే ముక్కని గిన్నె అంచుకేసి పిండి మరీ తినేవారు. జూన్‌లో నీళ్ళు వదిలారు. లాకు తలుపుల దగ్గర కొబ్బరికాయ కొట్టి సరాసరి ఇంటికొచ్చి, పీట వేసుకుని, "ఏమే, వదిలెయ్" అన్నారు. ముద్దపప్పు మీద నెయ్యి పడిన చప్పుడు మా అరుగు మీదికి వినిపించింది. అక్కణ్ణుంచి వేట, రొయ్యలు, చలికాలం వస్తే గోదారి చీరమేను చేప. ఏదీ వంతు తప్పేది కాదు.

రక్తపరీక్ష మాత్రం కాలవలు వదలడానికి సరిగ్గా ముందు చేయించుకునేవారు. కాగితం ముచ్చటగా వచ్చేది. దాన్ని జేబులో పెట్టుకుని లాకులమ్మట తిరిగేవారు. ఒకసారి నేను ఉండబట్టలేక, "కొలిచే చోట మాత్రం లోతుగా తవ్వే కాంట్రాక్టర్లున్నారని మీరే అంటారు గదండీ" అన్నాను.

"వాళ్ళు మోసం చేసేది గవర్నమెంటుని. నేనెవర్ని మోసం చేస్తున్నానండీ?"

దానికి నా దగ్గర జవాబుంది గాని, ఆయన నాకు అద్దె గది చూపించిపెట్టిన మనిషి.

డాక్టరుగారికి మాత్రం అనుమానం వచ్చింది. రెండేళ్ళయ్యాక, "ఈసారి చలికాలంలో రండి" అన్నారు. వెళ్ళారు. ఆ కాగితం ఆయన జేబులో పెట్టుకోలేదు, చేతిలో పట్టుకొచ్చారు. అంకె మొదటిదానికంటే పైన ఉంది. డాక్టరుగారు కోప్పడలేదట. "మీ కాలవలో కాంట్రాక్టరు ఇలా చేస్తే మీరు బిల్లు పాస్ చేస్తారాండీ?" అని మాత్రం అడిగారట.

ఆ దెబ్బకి కాలవ శాశ్వతంగా మూతపడింది. చావు భయం చెయ్యలేని పని, దొంగ బిల్లు అన్న మాట చేసింది.

ఆ తర్వాత ఆయన ఇంకో మనిషి. పొద్దున్నే గట్టమ్మట పై లాకుల దాకా నడిచి వచ్చేవారు. పాలగ్లాసు వెలుగుకెత్తి పట్టుకుని, మీగడ తునక కనిపిస్తే వేలితో తీసి పక్కన పెట్టేవారు. పెళ్ళిళ్ళలో నెయ్యి వడ్డించేవాడు వంగగానే విస్తరి మీద అరచెయ్యి గొడుగులా పట్టి, "షట్టరు దించేశానయ్యా" అనేవారు. మా వైపు పెళ్ళిలో నెయ్యి వద్దనడమంటే పెళ్ళికొడుకు బాగాలేడన్నంత. అయినా ఆయన చెయ్యి తీయలేదు. మధ్యలో ఒక పొరపాటు జరగకపోలేదు. జంతువుల కొవ్వు మానమన్నారు గదా అని నేతికి బదులు వనస్పతి డబ్బా తెచ్చారు. "మొక్కే గదండీ మాస్టారూ, మీ సబ్జెక్టే" అన్నారు. అలాంటి మొక్కని నేనెక్కడా చూడలేదన్నాను. డాక్టరుగారు ఇదీ నెయ్యికి చెల్లెలే అన్నాక దాన్నీ మానేశారు.

మానడం ఆయన పని. మానేసినవి ఏం చెయ్యాలన్నది ఇంటి పని.

ఇంట్లో గేదె ఉంది. అది డాక్టరు దగ్గరికెళ్ళలేదు కాబట్టి పాలిచ్చేది. పాలుంటే మీగడ, మీగడుంటే వెన్న, వెన్నుంటే నెయ్యి. గుడ్లలో తెల్లసొన కావాలంటే పచ్చసొనతో సహా కొనాలి. పారేయడం అనే విద్య పిన్నిగారికి తెలీదు. నేను వాళ్ళావిణ్ణి పిన్నిగారనే పిలిచేవాణ్ణి. ఆవిడ అన్నపూర్ణాదేవికి అక్కయ్య. ఆయన తిన్నాక, వంటింట్లో గోడకి ఆనుకుని అదే పళ్ళెంలో తినేవారు. పచ్చసొనల మీద మిరియప్పొడి చల్లుకునేవారు. మీగడ ఆవకాయన్నంలోకి పోయేది. నెయ్యి కాచిన గిన్నె అడుగు గీకి అందులోనే వేడన్నం కలుపుకునేవారు. వేటకూరలో ఆయన ఏరి పక్కన పెట్టిన కొవ్వు ముక్కలు కూడా.

"పారేస్తే కళ్ళు పోతాయి. నువ్వు తినెయ్" అని ఆయనే అనేవారు. "మీ పుట్టింటోళ్ళవి రాతిగుండెలు. మీ నాన్న తొంభై ఏళ్ళూ నేతిలో ఈదాడు."

"అవునండి. రాతిగుండె కాబట్టే మీతో కాపరం చేస్తన్నాను" అనేవారావిడ.

నాతో ఇంకోలా అనేవారు. "మీ బాబాయిగారు తినకుండా బతుకుతన్నారు బాబూ. ఆయన బతకడానికి నేను తింటన్నాను. ఎవరి పని వాళ్ళది." నేను నవ్వేవాణ్ణి. ఆవిడ మాట ఎప్పుడూ అలాగే ఉండేది, నవ్వాల్సిన చోట నవ్వాల్సినట్టు.

నాలుగైదేళ్ళు అలా గడిచాయి. ఆయన సన్నబడ్డారు. ఆవిడ నీళ్ళబిందెతో రేవు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, బిందె మెట్టు మీద పెట్టి, కాలవకేసి చూస్తూ నిలబడేవారు. ఎవరైనా చూస్తే పడవ వస్తోందేమోనని చూస్తున్నాననేవారు. ఆ కాలవలో పడవలు తిరగడం మానేసి అప్పటికి చాలా కాలమైంది.

"నాలాగా నడవాలి. నడవకపోతే ఆయాసమే మరి" అనేవారు ఓవర్సీరుగారు.

"నేన్నడిస్తే వంటెవరు చేస్తారు? మీ లస్కర్లా?"

లస్కర్లంటే లాకు తలుపులు తిప్పే మనుషులు. వంట వాళ్ళ డ్యూటీలో లేదు.

ఆయన రిటైరైన రోజు లాకుల దగ్గర తిరనాళ్ళలా ఉంది. ఆఫీసువాళ్ళు దండలు తెచ్చారు. లస్కర్లు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తారు. పూర్వం ఎత్తలేకపోయేవాళ్ళు. ఆయన నాలుగు మాటలు మాట్లాడారు. "మా ఇంట్లో ఇన్ని తరాల్లో పెన్షన్ తీసుకోబోతున్న మొదటి మగాణ్ణి నేనే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎదురుగా కూర్చున్న సూపరింటెండెంటుగారు కళ్ళు తుడుచుకున్నారు, ఆయనకీ బహుశా అలాంటి ఇల్లే. పిన్నిగారు గారెల పిండి రుబ్బీ రుబ్బీ ఎడమ భుజం పట్టేసిందని ఒంటిచేత్తోనే వడ్డించారు.

మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచింది ఆయనే. పిన్నిగారు వంటింటి గడప మీద కూర్చుని ఉన్నారు. జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

"వాయువండీ. నిన్న గారెలు" అన్నారు ఓవర్సీరుగారు. వాము నమిలించారు. దవడ లాగుతోందని ఆవిడ అన్నారు. గారెలకి దవడ లాగడం నేనెక్కడా వినలేదు. ఊళ్ళోకి సైకిలు తొక్కుకెళ్ళి టాక్సీ తెచ్చాను.

రాజమండ్రి దాకా కారులో ఆవిడ కళ్ళు మూసుకుని సీటుకి జారబడి ఉన్నారు. పక్కన ఓవర్సీరుగారు, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నారు. తనది.

అదే డాక్టరుగారు. గుండెపోటన్నారు. ఆలస్యంగా తెచ్చారన్నారు, ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నారు. ఆ రాత్రి గడిచింది. మర్నాడు రక్తపరీక్ష కాగితం పట్టుకుని డాక్టరుగారు మంచం దగ్గరికి వచ్చారు. ఓవర్సీరుగారు చెయ్యి చాపి దాన్ని అందుకున్నారు. అలాంటి కాగితాలన్నీ ఆ ఇంట్లో ఆయనవే మరి. చదివి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని మళ్ళీ చదివారు.

"ఇది నాదండీ" అన్నారు. "పాతది. ఆ చలికాలందేదో తెచ్చేశారు."

"మీది కాదండీ. ఆవిడదే. మీకు ఎప్పుడూ ఇంత లేదు."

"ఎలాగుంటుందండీ? అదసలు ఏం తింటుందని? వండటమే గాని."

డాక్టరుగారు మంచం వైపు వంగారు. "ఏం తింటారమ్మా మీరు?"

"ప్రత్యేకం ఏం తిననండి" అన్నారు పిన్నిగారు. గొంతు పీలగా ఉంది గాని మాట స్పష్టంగానే ఉంది. "ఆయన తీసేసినవే."

మొదటిసారి వచ్చినప్పుడే ఇంట్లో అందర్నీ చూపించుకోమన్న సంగతి డాక్టరుగారికి గుర్తుందో లేదో తెలీదు.

ఓవర్సీరుగారికి మాత్రం కోపం వచ్చింది. ఆయనకి భయం వేస్తే అలాగే వచ్చేది. "పారెయ్యకపోయావా? చెప్పొద్దూ నాతో? ఇన్నేళ్ళు పక్కనే ఉన్నాను గదా, ఒక్క మాట చెప్తే ఏం పోయింది?"

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నిద్రపట్టిందనుకుని నర్సు దుప్పటి సర్దింది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్ళబోయాను.

అప్పుడు ఆవిడ కళ్ళు తెరవకుండానే అన్నారు.

"సర్వీసంతా గట్టు మీద నిలబడి కూలోళ్ళని అడిగారు, తీసింది ఎక్కడ పోశారని. ఇంట్లో ఒక్క రోజైనా అడిగారాండీ?"